వెన్ను తీస్తే గానీ ఊద వేషం బయటపడదు

కలుపు మొక్కలు తరతరానికీ ఎలా మారుతాయో చెప్పే శాస్త్రం - నిజాంసాగర్ ఆయకట్టు రైతులకు ఒక పాఠం

నిజాంసాగర్ కాల్వ కింద వరి వేసేవారిలో ఊద గడ్డి తెలియని వారుండరు. నాటు వేసిన ఇరవై రోజులకు కలుపులోకి దిగితే తుంగ ఇట్టే దొరికిపోతుంది. గుంటగలగర ఆకును చూడగానే తెలిసిపోతుంది. ఊద మాత్రం వరి దుబ్బు పక్కన వరి మాదిరిగానే నిటారుగా నిలబడి ఉంటుంది. ఎంత అనుభవం ఉన్న కూలీ అయినా ఒకటో రెండో వదిలేస్తుంది. ఒక్కోసారి ఊద అనుకుని వరినే పీకేస్తుంది. వరి ఈనే వేళకు చూస్తే పైరు మీద ఊద వెన్నులు కనబడతాయి.

ఊద వరిని ఎందుకు పోలి ఉంది? దేవుడు అలా పుట్టించాడని కొందరంటారు. నేల గుణమని కొందరంటారు. శాస్త్రజ్ఞులు పరిశోధన చేసి చెప్పిన జవాబు వేరే ఉంది. ఊదకు ఆ వేషం కట్టింది కలుపు తీసే మన చేతులే!

ఇది విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఈ సంగతి అర్థమైతే కలుపు మందు ఎందుకు పని చేయకుండా పోతుందో, ఏం చేస్తే ఆ మందు నాలుగు కాలాలు పనికివస్తుందో కూడా అర్థమవుతుంది. అందుకే ఈ వారం మందు మోతాదుల జోలికి పోకుండా, అసలు సూత్రాన్ని పాఠంగా చెప్పుకుందాం. యూనివర్సిటీల్లో దీన్ని మొక్కల పరిణామ జీవావరణ శాస్త్రం అంటారు. పేరు పెద్దదే గానీ విషయం మన మడిలోదే. మొక్కలు తామున్న చోటును బట్టి, తమ చుట్టూ ఉన్న జీవాలను బట్టి, మనిషి చేసే పనులను బట్టి తరతరానికీ ఎలా మారుతాయో చెప్పే చదువు ఇది.

వేషం ఎలా వచ్చింది?

ఒక మడిలో 100 ఊద మొక్కలు మొలిచాయి అనుకుందాం. తోబుట్టువులందరూ ఒక్క తీరుగా ఉండనట్టే ఈ వందా ఒక్క తీరుగా ఉండవు. కొన్ని నేలబారుగా పరుచుకుంటాయి. కొన్నింటి మొదలు ఎర్రగా ఉంటుంది. ఏ పదో మాత్రం పిలకలు విచ్చుకోకుండా, మొదలు పచ్చగా, నిటారుగా పెరుగుతాయి. ఇప్పుడు కలుపు తీసేవారు మడిలోకి దిగారు. పరుచుకున్నవి కంటబడతాయి, ఎర్ర మొదలున్నవి కంటబడతాయి. వాటిని పీకి ఒడ్డున పడేస్తారు. నిటారుగా ఉన్న పదిలో ఐదు వరిలో కలిసిపోయి తప్పించుకుంటాయి.

వచ్చే పంటకు విత్తనం రాల్చేది ఆ ఐదే. ఒక్కొక్కటి వేల గింజలు రాలుస్తుంది. వాటి పిల్లల్లో నిటారుగా పెరిగేవి ఎక్కువవుతాయి. మళ్ళీ కలుపు తీస్తాం, మళ్ళీ పోలిక బాగా ఉన్నవే మిగులుతాయి. ఇలా పదులు, వందల పంటలు గడిస్తే మడిలో వరిని పోలిన ఊదే ఎక్కువగా ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. ఏ ఊద మొక్కా తెలివి నేర్చుకోలేదు. వరిని చూసి తన రూపు మార్చుకోలేదు. పుట్టుకతోనే కొద్దిగా తేడా ఉన్న మొక్కల్లో కొన్ని బతికాయి, కొన్ని పోయాయి, అంతే. దీన్నే ఎంపిక అంటారు. మంచి వెన్ను చూసి విత్తనానికి ఏరి పెట్టుకుంటే మనం కావాలని చేసే ఎంపిక. కలుపు తీస్తే మనకు తెలియకుండా జరిగిపోయే ఎంపిక. రెండింటి లెక్కా ఒక్కటే.

ఇంకో సంగతి చూడండి. ఊద వరిని పోలి ఉండేది కలుపు తీసే వయసు వరకే. వెన్ను తీశాక ఆ పోలిక ఏమీ ఉండదు. ఊద వెన్ను ఊద వెన్నే, వరి వెన్ను వరి వెన్నే. ఎందుకు? మనం కలుపు తీసేది ఈనిక ముందే కనుక. ఆ తర్వాత మడిలోకి దిగి ఏరేవారు తక్కువ కనుక. ఏ వయసులో ప్రాణాపాయం ఉందో ఆ వయసులోనే వేషం పక్కాగా తయారైంది. మనం చూడని వయసులో వేషం అవసరం దానికి రాలేదు.

చైనా పొలాల్లో తేలిన లెక్క

ఇదంతా ఊహ కాదు. చైనాలో యాంగ్జీ నది పరీవాహకంలోని వరి పొలాల నుంచి వరిని పోలిన ఊదను, పోలని ఊదను శాస్త్రజ్ఞులు సేకరించారు. వాటి జన్యువులను చదివి పోల్చిన ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. వరిని పోలిన ఊద అక్కడ దాదాపు వెయ్యేళ్ళ కిందట విడిపోయిందని తేలింది. పిలకలు ఎంత విచ్చుకోవాలో, మొక్క ఎంత నిటారుగా నిలవాలో నిర్ణయించే జన్యువుల్లోనే ఎంపిక గుర్తులు బాగా కనిపించాయి. అంటే తరతరాల రైతుల చేతిపని ఆ గడ్డి జన్యువుల్లో గుర్తు వేసుకుని ఉంది.

ఇలాంటి వేషాలను ముందుగా పట్టించుకున్నవాడు రష్యా శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్. ఆయన 1887లో పుట్టి 1943లో జైలులో చనిపోయారు. దేశదేశాలు తిరిగి పంటల విత్తనాలు సేకరించారు. రై అనే ధాన్యం మొదట గోధుమ చేలల్లో కలుపని ఆయన గుర్తించారు. గోధుమతో పాటు కోసి, గోధుమతో పాటు నూర్చి, గోధుమతో పాటు మళ్ళీ విత్తుతూ పోతే ఆ కలుపు గింజ గోధుమ గింజలాగే తయారైంది. గోధుమ తట్టుకోలేని చలి ప్రాంతాలకు, కొండ ప్రాంతాలకు చేరేసరికి ఆ కలుపే పంట అయి కూర్చుంది. పంటను పోలే కలుపు వేషానికి ఇవాళ శాస్త్రజ్ఞులు వావిలోవ్ పేరే పెట్టి పిలుస్తున్నారు.

వంకాయ రంగు వరి చెప్పే నీతి

మన దేశంలో జరిగిన ఒక ఉదంతం కూడా తెలుసుకోవాలి. మధ్య భారతంలో వెదజల్లిన వరిలో అడవి వరి పెద్ద బెడద. ఈనే దాకా అది వరో కలుపో తెలియదు. గింజ మాత్రం కోతకు ముందే రాలిపోతుంది. దీనికొక ఉపాయం ఆలోచించారు. ఆకులు వంకాయ రంగులో ఉండే వరి రకాన్ని వేయించారు. పచ్చగా ఉన్నదల్లా కలుపే, కళ్ళు మూసుకుని పీకేయవచ్చు.

మొదట్లో బాగానే పని చేసింది. అయితే వరి పుప్పొడి అడవి వరి మీద కొద్దిగానైనా పడుతుంది. అలా పుట్టిన మొక్కల్లో వంకాయ రంగువీ ఉంటాయి. పచ్చవన్నీ పీకేసి వంకాయ రంగువి వదిలేస్తుంటే ఏమవుతుంది? కొన్ని పంటల్లోనే అడవి వరి కూడా వంకాయ రంగుకు తిరిగింది. ఉపాయం మంచిదే, కానీ ఒక్క ఉపాయాన్నే పట్టుకుని ఏటా వాడితే దానిలోంచి తప్పించుకునే మొక్కను మనమే తయారు చేసుకున్నట్టవుతుంది. ఈ పాఠంలో గుర్తు పెట్టుకోవాల్సిన అసలు మాట ఇదే.

అలాగని అడవి వరిని పూర్తిగా పనికిమాలినదిగా చూడకూడదు. 1970లలో ఆసియా వరి పొలాలను గిడసబార్చిన ఒక వైరస్ తెగులుకు తట్టుకునే గుణం కోసం ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల రకాలను వెదికింది. ఆ గుణం దొరికింది ఉత్తర ప్రదేశ్ నుంచి తెచ్చిన ఒక అడవి వరిలో. దాన్ని ఐఆర్ 36 వంటి రకాల్లోకి ఎక్కించారు. మన మడిలో కలుపుగా ఉండాల్సిన అవసరం లేదు గానీ, మందు లేని తెగులుకు విరుగుడు ఎక్కడో ఒక చెరువు గట్టున పెరిగే గడ్డిలో ఉండవచ్చు.

మందు కూడా కలుపు తీసే చెయ్యే

ఇప్పుడు అసలు ప్రమాదానికి వద్దాం. చేత్తో కలుపు తీస్తే వేషం వేసిన మొక్క మిగులుతుంది. మందు కొడితే ఆ మందును తట్టుకునే మొక్క మిగులుతుంది. సూత్రం ఒక్కటే, వేగం మాత్రం వేరు. చేతి కలుపుతో వందల ఏళ్ళు పట్టిన మార్పు మందుతో పది పదిహేనేళ్ళలోనే రావచ్చు. ఎందుకంటే మందు లక్షల మొక్కల్లో తట్టుకోలేనివన్నింటినీ ఒక్క రోజులో తీసేస్తుంది. మిగిలిన ఒకటి రెండింటికి మడంతా ఖాళీ.

హర్యానా, పంజాబ్ రైతులకు ఈ అనుభవం అయింది. వాళ్ళది వరి, గోధుమ, మళ్ళీ వరి, మళ్ళీ గోధుమ. గోధుమలో గుల్లీ దండా అనే గడ్డి కలుపు వస్తుంది. అది కూడా లేత వయసులో గోధుమను పోలి ఉంటుంది. 1970ల చివరి నుంచి దాని మీద ఐసోప్రోట్యూరాన్ అనే మందు కొట్టడం మొదలుపెట్టారు. బ్రహ్మాండంగా పని చేసింది. దాంతో ఏటా అదే మందు. 1990ల మొదట్లో ఆ మందుకు గుల్లీ దండా చావడం మానేసింది. హిసార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఆర్.కె. మలిక్, సమందర్ సింగ్ కుండీల్లో పరీక్షించి చూస్తే మందుకు తట్టుకునే గుణం వచ్చిందని తేలింది. గోధుమను కలుపు ముంచేస్తే కొందరు రైతులు గింజ మీద ఆశ వదులుకుని పైరును పచ్చి మేతకు కోసుకున్నారు. తర్వాత కొత్త మందులు వచ్చాయి. వాటిలోనూ కొన్ని కొన్నేళ్ళకే పట్టు కోల్పోయాయి.

ఇది గోధుమ సంగతి కదా, మనకేమిటి అనుకోవద్దు. వరిలో ఊద, తుంగ, వెడల్పాకు కలుపు మూడింటి మీదా పని చేస్తుందని చాలామంది వాడే బిస్‌పైరిబాక్ సోడియం మందుకు ఛత్తీస్‌గఢ్, కేరళ పొలాల్లో ఒక రకం తుంగ తట్టుకుంటున్నట్టు 2021లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఛత్తీస్‌గఢ్ మన పొరుగు రాష్ట్రమే.

నిజాంసాగర్ కింద ఎందుకు జాగ్రత్త పడాలి?

మంజీర నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ రోజుల్లో ఈ ఆయకట్టు అంటే వరితో పాటు చెరకు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి బండ్ల మీద చెరకు పోయేది. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు వేసిన చేలల్లో చాలావాటిలో ఇప్పుడు వరే. వానాకాలం వరి, యాసంగి వరి.

కలుపు మొక్క వైపు నుంచి ఆలోచించండి. చెరకు వేసిన నేలలో ఏడాది పొడవునా వేరే పద్ధతి, వేరే తడి, వేరే మందు. వరికి అలవాటు పడ్డ ఊద అక్కడ బతకడం కష్టం. రెండు పంటలూ వరే అయితే దానికి ఏడాదికి రెండు కాపులు. అదే దమ్ము, అదే నీరు, అదే వయసులో అదే మందు. ఊదకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. పైగా ఊద తిండి తయారు చేసుకునే తీరు మక్క, జొన్న, చెరకు తరహాది. ఎండ, వేడి ఎక్కువైన కొద్దీ అది వరిని దాటి పెరుగుతుంది.

విత్తనం ప్రయాణం కూడా చూడాలి. ఊద గింజ వరి కోతకు ముందే పండి రాలుతుంది. కొంత మడిలో పడుతుంది, కొంత కాల్వ నీళ్ళతో కింది మడికి పోతుంది, కొంత వరికోత మిషన్‌లో ఇరుక్కుని ఊరు దాటిపోతుంది. ఒక రైతు మడిలో మందుకు తట్టుకునే మొక్క పుడితే అది ఆ ఒక్కరి కష్టంగా మిగలదు. కాల్వ చివరి రైతుకు మందు కొట్టకుండానే ఆ బెడద చేరుతుంది.

దీనికి తోడు కూలీలు దొరకడం లేదు, దొరికినా కూలి గిట్టుబాటు కావడం లేదు. నాటు మానేసి వెదజల్లే పద్ధతికి, డ్రమ్ సీడర్‌కు మళ్ళుతున్నారు. ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ నాటు వేస్తే వరికి ఇరవై ఐదు రోజుల వయసు ముందుంటుంది, ఊద అప్పుడే మొలుస్తుంది. వెదజల్లితే వరి, ఊద ఒకే రోజు మొలుస్తాయి. అప్పుడు మందు మీదే భారమంతా పడుతుంది. ఎకరం, రెండెకరాలు ఉన్న రైతుకు ఒక సీజన్‌లో మందు పని చేయకపోతే మందు డబ్బులు పోతాయి, మళ్ళీ కూలీల డబ్బులు పడతాయి, దిగుబడి తగ్గుతుంది. పెద్ద రైతు తట్టుకోవచ్చు. చిన్న రైతుకు ఆ దెబ్బ అప్పుగా మారుతుంది.

యూనివర్సిటీలో ఎలా పరీక్షిస్తారు?

ఒక మొక్క వేరుగా కనిపిస్తే అది పుట్టుకతో వచ్చిన తేడానా, నేల వల్ల వచ్చిన తేడానా? ఈ శాస్త్రంలో మొట్టమొదటి ప్రశ్న ఇదే. దీనికి చాలా సులువైన పరీక్ష ఉంది. రెండు చోట్ల నుంచి విత్తనం తెచ్చి ఒకే నేలలో, ఒకే నీటితో, ఒకే రోజు వేస్తారు. తేడా అలాగే ఉంటే అది విత్తనంలో ఉన్న గుణం. తేడా మాయమైతే అది నేల గుణం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు టురెసన్ 1920లలో ఇలా పెంచి చూసే, ఒకే జాతి మొక్క ఒక్కో చోట ఒక్కో పుట్టు గుణంతో ఉంటుందని చూపించారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు సముద్ర మట్టానికి దగ్గరలో, కొండ నడుమ, కొండ పైన మూడు తోటలు వేసి ఒకే మొక్క కొమ్మలను మూడు చోట్లా పెంచారు. ఏ చోటి మొక్క ఆ చోటే బాగా బతికింది. ఆ ఫలితాలు 1940లో అచ్చయ్యాయి. మన దేశంలో ఇటువంటి చదువుకు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రామ్‌దేవ్ మిశ్రా పునాది వేశారు.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. కాల్వ గట్టున పెరిగిన ఊద గింజలు కొన్ని, వరి మడిలో తప్పించుకున్న ఊద గింజలు కొన్ని విడివిడిగా కాగితం పొట్లాల్లో ఎండబెట్టి దాచండి. కొత్త గింజ వెంటనే మొలవకపోవచ్చు, వచ్చే సీజన్ దాకా ఆగండి. తర్వాత ఒకే మట్టి నింపిన కుండీల్లో ఒక్కో రకం పది మొక్కలకు తగ్గకుండా పెంచండి. ఇరవయ్యో రోజున చూడండి. ఏవి నిటారుగా ఉన్నాయి, ఏవి పరుచుకున్నాయి, ఏ మొదళ్ళు ఎర్రగా ఉన్నాయి అని నోటు పుస్తకంలో రాసుకోండి. బడికి పోయే పిల్లలకు ఈ పని అప్పగిస్తే వాళ్ళకు సైన్సు పాఠం కూడా అవుతుంది. వెన్ను తీయకముందే పీకి కాల్చేయడం మాత్రం మరవొద్దు.

మందుకు తట్టుకుంటున్నదో లేదో తేల్చడం కూడా దాదాపు ఇలాంటిదే. బతికిన మొక్కల గింజలను, ఎప్పుడూ మందు కొట్టని చోటి గింజలను పక్కపక్కన వేసి, తక్కువ మోతాదు నుంచి ఎక్కువ మోతాదు దాకా కొట్టి చూస్తారు. ఈ పని శాస్త్రజ్ఞులే చేయాలి.

మందు ఫెయిలైందా, మొక్క మారిందా?

మందు పని చేయని ప్రతిసారీ మొక్క మారిందని అనుకోకూడదు. ముందు వీటిని సరి చూసుకోండి. ఊద నాలుగాకులు దాటి ముదిరాక కొట్టారా? ఆకులు నీళ్ళలో మునిగి ఉండగా కొట్టారా? మందు తక్కువ కలిపారా? కొట్టిన వెంటనే వాన పడిందా? మందు అసలుదేనా, బిల్లు ఉందా? ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి, మిగతా కలుపంతా చచ్చింది, ఒక్క రకం కలుపు మాత్రం మిగిలింది, అందులోనూ చచ్చిన మొక్క పక్కనే అదే రకం మొక్క పచ్చగా ఉంది, కిందటేడు కూడా అదే చోట ఇలాగే జరిగింది అంటే అనుమానించాల్సిందే. అప్పుడు మోతాదు పెంచి మళ్ళీ కొట్టవద్దు. బతికిన మొక్కల వెన్నులు పండాక కోసి, పొట్లం కట్టి, మీ ఊరు, సర్వే నంబరు, కొట్టిన మందు పేరు, తేదీ రాసి రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, అక్కడి పరిశోధన స్థానంలో గానీ చూపించండి. మిగిలిన మొక్కలను గింజ రాలకముందే పీకేయండి.

ఏం చేస్తే మేలు?

1. వెన్ను తీసిన ఊదను వదలవద్దు. చేతి కలుపులో తప్పించుకున్నది వేషం బాగా కుదిరిన మొక్క. మందులో తప్పించుకున్నది తట్టుకునే మొక్క. రెండూ వెన్ను తీసే వేళకు పైకి కనిపిస్తాయి. గింజ ముదరకముందే ఒక పూట మడి చుట్టి వచ్చి ఆ వెన్నులు తుంచి సంచిలో వేసుకుని బయట కాల్చేయండి. అన్ని పనుల్లోకీ ఇదే చవక, ఇదే ముఖ్యం. ఎంపిక గొలుసును తెంపే పని ఇది.

2. బ్రాండు మార్చినంత మాత్రాన మందు మారినట్టు కాదు. బిస్‌పైరిబాక్ సోడియం, పెనాక్సులం, పైరజోసల్ఫ్యూరాన్, బెన్‌సల్ఫ్యూరాన్ పేర్లు వేరైనా మొక్కలో దెబ్బ కొట్టే చోటు ఒక్కటే. ఒకదానికి తట్టుకునే మొక్క మిగతా వాటికీ తట్టుకోవచ్చు. ప్రెటిలాక్లోర్, బ్యూటాక్లోర్ పని చేసే చోటు వేరు. సైహాలోఫాప్ పని చేసే చోటు మరొకటి. డబ్బా మీది మందు అసలు పేరు చదివించుకుని, కిందటి పంటకు ఏది కొట్టారో రాసిపెట్టుకుని, వ్యవసాయ అధికారిని అడిగి వేరే తరగతి మందు ఎంచుకోండి.

3. మందు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వరుసల్లో నాటి కోనోవీడర్ తిప్పితే సాళ్ళ మధ్య ఉన్నదల్లా పోతుంది. యంత్రం మొక్క రూపు చూడదు, చోటు చూస్తుంది. ఎంత వేషం వేసినా సాలు మధ్య నిలబడిన ఊద తప్పించుకోలేదు. సాలులోనే మొలిచిన దాన్ని మాత్రం చేత్తో తీయాలి.

4. దమ్ముకు ముందు ఒక తడి ఇచ్చి కలుపు మొలవనివ్వండి. మొలిచాక కలియదున్నండి. వీలైతే జీలుగ, జనుము వేసి దున్నండి.

5. మూడు నాలుగేళ్ళకు ఒక యాసంగి అయినా వరి మార్చండి. శనగ, మక్క, నువ్వులు, పొద్దుతిరుగుడు - మీ నేలకు, నీటికి ఏది కుదిరితే అది. ఆరుతడి నేలలో నీటికి అలవాటు పడ్డ కలుపు తగ్గుతుంది.

6. సొంత విత్తనం దాచుకునేవారు కేళీలను, ఊద వెన్నులను పూర్తిగా ఏరిన మడి నుంచే తీసుకోండి. వరికోత మిషన్ వేరే ఊరి నుంచి వస్తే మడిలోకి దించే ముందు శుభ్రం చేయించండి.

7. కలుపు తీసే అక్కచెల్లెళ్ళకు గుర్తులు చెప్పండి. వాళ్ళకు తెలిసినవి మీరూ అడగండి. వరి ఆకు, కాడ కలిసే చోట తెల్లటి పలుచని పొర, నూగు ఉన్న చెవులు ఉంటాయి. ఊదకు ఆ పొరా ఉండదు, చెవులూ ఉండవు. వరి ఆకు గరుకు, ఊద ఆకు నునుపు. వేషం ఎంత కుదిరినా ఇక్కడ దొరికిపోతుంది.

మీ పిల్లలు ఇది చదవాలనుకుంటే

ఈ శాస్త్రానికి మన యూనివర్సిటీల్లో విడిగా ఒక డిగ్రీ అంటూ కనపడదు. కొంత బాటనీలో, కొంత వ్యవసాయ డిగ్రీలో, కొంత జన్యుశాస్త్రంలో ఉంటుంది. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఈఏపీసెట్ రాసి ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాలేజీల్లో నాలుగేళ్ళ వ్యవసాయ డిగ్రీ. ఇందులో రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. ఏ పత్రాలు కావాలో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసి ముందే సిద్ధం చేసుకోండి. తర్వాత పీజీలో కలుపు యాజమాన్యం ఉన్న సేద్య విభాగం గానీ, జన్యుశాస్త్రం - మొక్కల ప్రజననం గానీ తీసుకోవచ్చు. రెండోది, డిగ్రీలో బాటనీ చదివి, ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పీజీ, ఆపైన పరిశోధన. పరిశోధనకు స్కాలర్‌షిప్ ఇచ్చే జాతీయ అర్హత పరీక్షలో జీవావరణం, పరిణామం రెండూ పాఠ్యాంశాలే. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1983 నుంచి జీవావరణ శాస్త్రాలకు ప్రత్యేక కేంద్రం ఉంది.

ఇది తెల్లచొక్కా నలగని చదువు కాదు. బురదలో దిగి మొక్కలు లెక్కపెట్టాలి. ఒక ఏడు కాదు, నాలుగైదేళ్ళు ఓపికగా రాసుకోవాలి. లెక్కలంటే భయం ఉండకూడదు, తేడా నిజమో కాదో తేల్చేది లెక్కే. కానీ మడిలో పెరిగిన పిల్లలకు ఒక వాసి ఎక్కువ ఉంటుంది. ఏ మొక్క ఎప్పుడు మొలుస్తుందో, ఏది ఏ వయసులో ఏ రంగులో ఉంటుందో పట్నం పిల్లలు పుస్తకంలో నేర్చుకునేది వాళ్ళకు అమ్మతో కలుపుకు పోయినప్పుడే తెలుసు. ఆడపిల్లలకైతే మరీను. ఆ తెలివికి చదువు తోడైతే ఈ ఆయకట్టు ప్రశ్నలకు ఈ ఆయకట్టు పిల్లలే జవాబు చెప్పగలరు.

రైతు సోదరులారా! మందు కొట్టాక ఏది చచ్చిందో కాదు, ఏది మిగిలిందో చూడండి. వచ్చే ఏటి కలుపు అదే. ఈసారి వరి ఈనే వేళ కొడవలి, సంచి పట్టుకుని ఒక్క పూట మడి చుట్టి రండి. మీ పక్క మడి రైతును, పై మడి రైతును కూడా వెంట తీసుకువెళ్ళండి. కాల్వ నీరు అందరిదీ అయినట్టే, ఆ నీటిలో కొట్టుకువచ్చే గింజా అందరిదీ.